పురానీ హవేలీ మెట్లెక్కక ముందు



హైదరాబాద్ పాతబస్తీలో పురానీ హవేలీ పేరు చెప్పగానే చాలామందికి ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ బట్టల బీరువా గుర్తొస్తుంది. బర్మా టేకుతో చేసింది, 176 అడుగుల పొడవు, రెండంతస్తులు. దాన్ని చూడటానికి ఎక్కడెక్కడి వాళ్లో నిజాం మ్యూజియానికి వస్తారు. అదే పురానీ హవేలీలో కోర్టులు కూడా ఉన్నాయి. ఫ్యామిలీ కోర్టు మెట్లెక్కే వాళ్లకు బీరువా ధ్యాస ఉండదు. ఒక పక్క అమ్మాయి, వాళ్లమ్మ, అన్న. ఇంకో పక్క అబ్బాయి, వాళ్లమ్మ, మేనమామ. మధ్యలో ఆరేడేళ్ల పిల్ల ఒకతె ఎవరి ఒళ్లో కూచోవాలో తేల్చుకోలేక నిలబడి ఉంటుంది.

ఆ మెట్ల దాకా వచ్చేలోపు ఆ జంట ఎన్ని గడపలు తొక్కిందో ఆలోచించండి. ముందు ఇంటి పెద్దలు కూర్చోబెట్టి మాట్లాడి ఉంటారు. ముస్లిం కుటుంబమైతే ఖాజీ సాబ్ దగ్గరికి వెళ్లి ఉంటారు. లాల్‌దర్వాజా, గౌలిపురా వైపు హిందూ కుటుంబమైతే కుల పెద్దల ముందు పంచాయితీ అయి ఉంటుంది. తర్వాత మహిళా పోలీస్ స్టేషన్‌లో కౌన్సెలింగ్. ఆ తర్వాత ఏదో ఒక స్వచ్ఛంద సంస్థ. ప్రతి గడపలోనూ కథంతా మొదటి నుంచి చెప్పుకోవాల్సిందే. ఒకచోట ఓపిక పట్టమంటారు, ఒకచోట కేసు పెట్టమంటారు, ఒకచోట వేరు కాపురం పెట్టమంటారు, ఇంకోచోట రాజీ కాగితం మీద సంతకాలు పెట్టిస్తారు. విడివిడిగా చూస్తే ఏ సలహానూ పూర్తిగా తప్పు పట్టలేం. అన్నీ కలిసి నెత్తిన పడితే మాత్రం ఆ ఇల్లాలికి దిక్కు తోచదు. ఆమె భర్తకూ తోచదు.

దంపతులకూ కుటుంబాలకూ ఇచ్చే కౌన్సెలింగ్‌లో వేర్వేరు పద్ధతులను కలిపి వాడటం గురించి ఈ రోజు మీతో మాట్లాడాలనుకుంటున్నాను. ఇది డాక్టర్లకూ కౌన్సెలర్లకూ సంబంధించిన చర్చలా వినిపించవచ్చు. పాతబస్తీలో మాత్రం ఇది ప్రతి గల్లీకీ సంబంధించిన మాట. ఎందుకంటే ఇక్కడ కౌన్సెలింగ్ చేసేవాళ్లలో చదువుకుని సర్టిఫికెట్ తెచ్చుకున్న వాళ్లకన్నా మేనమామలు, పెద్దమ్మలు, ఖాజీలు, బస్తీ పెద్దలే ఎక్కువ.

ఒక మనిషికి మనసు బాగాలేకపోతే ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి మాట్లాడాలన్న ఆలోచన 1950ల్లో అమెరికాలో బలం పుంజుకుంది. సరిగ్గా ఆ కాలంలోనే మన దేశంలో, అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో, డాక్టర్ విద్యాసాగర్ ఒక పని చేశారు. రోగులతో పాటు ఇంటివాళ్లనూ రప్పించి, ఆస్పత్రి ఆవరణలోనే గుడారాలు వేయించి ఉంచారు. రోగికి ఎలా అన్నం పెట్టాలో, ఎలా మాట్లాడాలో ఇంటివాళ్లు అక్కడే నేర్చుకుని వెళ్లారు. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలోనూ రోగి వెంట ఇంటివాళ్లు ఉండే ఏర్పాటు వచ్చింది. బెంగళూరు నిమ్హాన్స్‌లో కుటుంబాల కోసం ప్రత్యేక విభాగమే ఉంది. కుటుంబాన్ని కలుపుకుని వైద్యం చేయడం మన నేలకు కొత్త కాదని చెప్పడానికే ఈ సంగతి తెచ్చాను.

ఇక పద్ధతుల దగ్గరికి వద్దాం. పేర్లు వల్లించడం కన్నా ఒక ఇల్లు ఊహించుకుంటే సులువుగా అర్థమవుతుంది. నేను చెప్పబోయేది ఏ ఒక్కరి కథా కాదు. కాని తలాబ్‌కట్టా నుంచి షాలిబండ దాకా ఏ గల్లీలోకి వెళ్లినా ఇందులోని ముక్కలు కనిపిస్తాయి.

రెండు గదుల ఇల్లు. భర్త తొమ్మిదేళ్లు జిద్దాలో డ్రైవర్‌గా చేసి తిరిగొచ్చాడు. ఇప్పుడు అద్దె ఆటో నడుపుతున్నాడు. భార్య ఇంట్లోనే లాడ్ బజార్ దుకాణాలకు లక్క గాజులు చేస్తుంది. కుంపటి మీద లక్క మెత్తబడ్డాక గాజు మీద పరిచి, అది చల్లారేలోపు చిన్న చిన్న రాళ్లు ఒక్కొక్కటే పట్టకారుతో అద్దాలి. చల్లారితే రాయి నిలవదు, మళ్లీ కుంపటి దగ్గర పట్టాలి. అందుకని పని మధ్యలో ఆమె లేవలేదు. పక్క గదిలోంచి అత్త పిలుస్తుంది, ఈమె లేవదు. భర్త వచ్చి చెప్పులు విడుస్తాడు, తలెత్తదు. ‘పిలిస్తే పలకదు’ అన్న ఫిర్యాదు అక్కడ పుడుతుంది. ఆర్డర్ల కోసం దుకాణదారు ఫోన్ చేస్తే భర్త ఆ ఫోన్ లాక్కుని చూస్తాడు. తొమ్మిదేళ్లూ జీతం తల్లి పేరునే పంపాడన్న బాధ భార్యకు ఉంది. పదకొండేళ్ల కూతురు ఇద్దరి మధ్య మాటలు మోస్తుంటుంది. ‘అబ్బా అన్నం పెట్టమంటున్నారు’, ‘అమ్మీకి తలనొప్పిగా ఉందంట’. ఈ మధ్య ఆ పిల్లకు రోజూ కడుపునొప్పి. బడికి పోవడం లేదు. డాక్టర్ చూసి ఏమీ లేదన్నారు.

ఈ ఇంటిని ఎక్కడ పట్టుకోవాలి?

ముర్రే బోవెన్ అనే అమెరికన్ వైద్యుడైతే పిల్ల దగ్గర మొదలుపెట్టేవాడు. ఇద్దరి మధ్య ఒత్తిడి భరించలేనంత అయినప్పుడు మూడో మనిషిని మధ్యలోకి లాగుతారని ఆయన చెప్పాడు. ఆయన దారిలో నడిచేవాళ్లు కాగితం తీసి, మగవాళ్లకు చదరం, ఆడవాళ్లకు సున్నా గీసి మూడు తరాల వంశవృక్షం వేస్తారు. ఎవరికి ఎవరు దగ్గర, ఎవరితో ఎవరికి మాటల్లేవు, గల్ఫ్‌కు ఎవరు ఎప్పుడు వెళ్లారు, అన్నీ గీతల్లో కనిపిస్తాయి. గొడవలో ఉన్నవాళ్లు కూడా ఆ కాగితం మీదికి వంగి, ఫలానా వాళ్లు ముందు పుట్టారు, ఫలానా పెళ్లి తర్వాత అయిందని ఒకరినొకరు సరిదిద్దుకుంటారు. ఎన్నాళ్లకో ఇద్దరూ ఒకే వైపు చూస్తారు.

సాల్వడార్ మినూచిన్ అయితే ఎవరు ఎక్కడ కూర్చున్నారో చూస్తాడు. అర్జెంటీనాలో పుట్టి, న్యూయార్క్‌లో అత్యంత పేద కుటుంబాలతో పనిచేసిన మనిషి. ఆ అనుభవంతోనే సహచరులతో కలిసి 1967లో మురికివాడల కుటుంబాల మీద పుస్తకం తెచ్చాడు. కూతురు అమ్మానాన్నల మధ్య కూర్చుంటే ఆమెను లేపి నానమ్మ పక్కన కూర్చోబెట్టి, భార్యాభర్తల కుర్చీలు ఎదురెదురుగా తిప్పి, ‘ఇప్పుడు ఆ మాట నేరుగా ఆమెతో చెప్పు’ అనే రకం. పాతబస్తీకి ఈ పద్ధతి బాగా అతుకుతుందని నా నమ్మకం. రెండు గదుల్లో ఏడెనిమిది మంది ఉండే ఇంట్లో ఎవరి చోటు ఏది, ఎవరి మాట ఎక్కడిదాకా అన్నది పెద్ద ప్రశ్న. భార్యాభర్తలు నాలుగు మాటలు మాట్లాడుకోవడానికి ఇంట్లో చోటే లేకపోతే ఎన్ని నీతులు చెప్పి ఏం లాభం?

ఆ తొమ్మిదేళ్ల జీతం సంగతి ఉందే, అది ఇవాన్ బోసోర్‌మెన్యీ నాగీ చూసిన కోణంలో తప్ప అర్థం కాదు. హంగరీలో పుట్టిన ఆ వైద్యుడు, తల్లిదండ్రులకు మనం పడే కంటికి కనబడని రుణాల గురించి 1973లో పెద్ద పుస్తకమే రాశాడు. భర్త తల్లికి డబ్బు పంపింది భార్యను చిన్నబుచ్చడానికి కాకపోవచ్చు. చిన్నప్పుడు తండ్రి పోతే బీడీలు చుట్టి పెంచిన తల్లికి తీర్చుకుంటున్న బాకీ కావచ్చు. ఆ మాట భార్య ముందు అతను ఒక్కసారైనా నోరు తెరిచి చెప్పాలి. తనకూ ఆ ఇంట్లో ఒక బాకీ ఉందని భార్య చెప్పాలి. తొమ్మిదేళ్లు ఒంటరిగా పిల్లను పెంచింది, ముసలామెకు మందులు తెచ్చింది. ఆ లెక్క ఎవరూ రాయలేదు.

స్యూ జాన్సన్, లెస్లీ గ్రీన్‌బర్గ్ 1980ల్లో తీర్చిదిద్దిన పద్ధతి కోపం అడుగున ఏముందో వెతుకుతుంది. ఫోన్ లాక్కునే ఆ భర్తను ఓపికగా అడిగితే, ‘నేను లేకుండానే ఈ ఇల్లు నడిచింది, ఇప్పుడు నేను వచ్చినా రాకపోయినా ఒకటే’ అన్న భయం బయటపడవచ్చు. ఇక ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ వైట్, న్యూజిలాండ్‌కు చెందిన డేవిడ్ ఎప్‌స్టన్ ఇంకో దారి చూపారు. మనిషిని సమస్య అనవద్దు, సమస్యను మనిషి నుంచి వేరు చేసి మాట్లాడండి అన్నారు. ‘నువ్వు అనుమానపు మనిషివి’ అంటే అతను మీద పడతాడు. ‘ఈ అనుమానం మీ ఇంట్లోకి ఎప్పుడొచ్చింది? అది రాని రోజున మీరిద్దరూ ఎలా ఉంటారు?’ అని అడిగితే ఇద్దరూ ఆలోచిస్తారు.

ఇవన్నీ మంచివే, అన్నీ ఈ ఇంటికి పనికొచ్చేవే. చార్మినార్ పక్కన నిజామియా యునానీ దవాఖానా ఉంది కదా. అక్కడి హకీం గారి అల్మారాలో మందులు ఎన్నో ఉంటాయి. అన్నీ ఉన్నాయి కదా అని అన్నీ తీసి ఒకే సీసాలో పొయ్యరు. నాడి చూసి, ఏది ముందు, ఏది తర్వాత, ఏది ఈ ఒంటికి పడదు అని ఆలోచించి నుస్ఖా రాస్తారు. పద్ధతులు కలపడమంటే కూడా అంతే. విలియం పిన్సాఫ్, జే లెబో లాంటి వాళ్లు అమెరికాలో దీని మీద దశాబ్దాలు పనిచేశారు. పిన్సాఫ్ చెప్పిన వరుస నాకు నచ్చుతుంది. తేలిక పనితో మొదలుపెట్టు, దానితో ఇల్లు కదిలితే లోతుకు పోవద్దు, కదలకపోతేనే ఇంకో మెట్టు దిగు అంటాడు. ఆ లెక్కన మన ఇంట్లో మొట్టమొదటి పని పిల్లను తపాలా పని నుంచి విడిపించడం. రెండోది, రాత్రి ఇషా నమాజు తర్వాత పావుగంట, ఇద్దరూ మేడ మీదనో మెట్ల మీదనో కూర్చుని ఖర్చుల పుస్తకం కలిసి రాసుకోవడం. రెండు మూడు వారాల్లో పిల్ల కడుపునొప్పి తగ్గి బడికి పోతే మంచిదే. అప్పుడు తొమ్మిదేళ్ల గాయాన్ని తవ్వాలా వద్దా అన్నది వాళ్లే చెప్తారు.

అయితే ఈ వరుస కంటే ముందు ఇంకోటుంది. కొట్టడం ఉందా? ఈ ప్రశ్న ఇద్దరినీ విడివిడిగా అడగాలి. అతని ఎదుట అడిగితే ఆమె ‘లేదు’ అంటుంది. పక్కన అత్త ఉన్నా ‘లేదు’ అంటుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో పెళ్లైన ఆడవాళ్లలో ప్రతి ముగ్గురిలో ఒకరికి పైగా భర్త చేతిలో హింసకు గురైనట్టు చెప్పారు. ఇంత పెద్ద విషయాన్ని అడగకుండా కుర్చీలు తిప్పడం, భావాలు వెతకడం ప్రమాదం. కౌన్సెలింగ్ గదిలో ఆమె నిజం చెప్పినందుకు ఆ రాత్రి ఇంట్లో దెబ్బలు తినవచ్చు. రేచల్ హేర్‌మస్టిన్ అనే మనస్తత్వవేత్త 1978లోనే కుటుంబ చికిత్స చేసేవాళ్లను ఇంట్లోని బలాబలాల విషయంలో గట్టిగా నిలదీసింది. ఇంట్లో అందరూ సమానమైనట్టు మాట్లాడితే బలమున్న వాళ్ల పక్షం వహించినట్టే అన్నది ఆమె వాదన సారం.

మన చట్టం ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంది. గృహహింస నుంచి మహిళలకు రక్షణ కల్పించే 2005 చట్టం 2006 అక్టోబర్ 26న అమల్లోకి వచ్చింది. 14వ సెక్షన్ కింద మెజిస్ట్రేటు ఇద్దరినీ కలిపి గాని, విడివిడిగా గాని కౌన్సెలింగ్‌కు పంపవచ్చు. దాని కింద చేసిన నిబంధనలు చదివితే సంతోషమేస్తుంది. ఇక మీదట హింస చేయనని అతను హామీ రాసివ్వాలి. కొట్టడానికి కారణాలు చెప్పి సమర్థించుకునే అవకాశం కౌన్సెలింగ్‌లో అతనికి లేదు. ‘పిలిస్తే పలకలేదు, అందుకే చెయ్యి లేచింది’ అన్న మాట ఆ గదిలో చెల్లదు. ఈ నియమం కౌన్సెలర్లకే కాదు, మన ఇంటి పంచాయితీల్లో కూర్చునే ప్రతి పెద్దమనిషికీ తెలియాలి. కొట్టినవాడి కారణాలు వినడంతోనే సగం పంచాయితీ గడిచిపోతుంది మన దగ్గర.

సుల్తాన్‌షాహీలో షాహీన్ అనే మహిళా సంస్థ ఉంది. కవయిత్రి జమీలా నిషాత్ 2002లో దాన్ని స్థాపించారు. గల్ఫ్ షేక్‌లకు చిన్నపిల్లలను కట్టబెట్టే పెళ్లిళ్ల మీద, ఇంటి హింస మీద పోరాడుతూ వచ్చింది. కౌన్సెలింగ్ చేస్తుంది, ఆడపిల్లలకు చేతిపనులు నేర్పుతుంది, అవసరమైతే పోలీస్ స్టేషన్‌కు వెంట వెళ్తుంది. ముస్లిం ఆడవాళ్లూ హిందూ ఆడవాళ్లూ ఆ గడప ఎక్కుతారు. ఏ పాఠ్యపుస్తకం పేరు పెట్టుకోకపోయినా ఇదీ పద్ధతులు కలపడమే. చేతిలో సొంత రూపాయి ఉన్న ఆడమనిషి మాట కౌన్సెలింగ్ గదిలో వేరేగా వినబడుతుంది. దాన్ని చికిత్సలో భాగం అనకపోతే ఇంకేమనాలి?

‘ఇంతకీ కలిపి చేస్తే ఫలితం ఉంటుందా?’ అని అడుగుతారు. అమెరికాలో ఆండ్రూ క్రిస్టెన్‌సెన్, నీల్ జేకబ్‌సన్ మొదలుపెట్టిన పరిశీలన ఒకటుంది. తీవ్రంగా నలిగిపోయిన 134 జంటలను తీసుకుని, సగం మందికి ప్రవర్తన మార్చుకునే పాత పద్ధతి, సగం మందికి మార్పుతో పాటు ఎదుటి మనిషిని ఉన్నట్టుగా ఒప్పుకోవడం కూడా కలిపిన పద్ధతి వాడారు. చికిత్స అయ్యాక మొదటి రెండేళ్లూ కలిపిన పద్ధతే మెరుగనిపించింది. ఐదేళ్లకు ఆ తేడా దాదాపు చెరిగిపోయింది. రెండు వైపులా సుమారు సగం జంటలు బాగుపడ్డాయి, పావు వంతుకు పైగా విడిపోయాయి. ఈ లెక్కలు నన్ను నిరుత్సాహపరచవు. ఒకసారి చేసిన సాయం రెండేళ్ల తర్వాత పలచబడుతుందంటే, ఎవరో ఒకరు ఆ ఇంటిని మళ్లీ పలకరించాలన్న మాట. ఆ పని విదేశీ క్లినిక్ కంటే మన బస్తీ బాగా చేయగలదు.

ఇక్కడే పెద్దల విలువ నాకు కనిపిస్తుంది. భార్యాభర్తల మధ్య చీలిక వస్తుందని భయపడితే అతని వైపు నుంచి ఒకరినీ ఆమె వైపు నుంచి ఒకరినీ మధ్యవర్తులుగా పెట్టమని ఖురాన్ నాలుగో సూరా 35వ ఆయత్ చెప్తుంది. ఇద్దరు మధ్యవర్తులు, రెండు వైపుల నుంచి. ఇటలీలోని మిలాన్‌లో మారా సెల్వీనీ పలాజోలీ బృందం 1970ల్లో కుటుంబాలతో పనిచేసినప్పుడు కూడా ఒక్కరే కూర్చోలేదు. ఇద్దరు గదిలో ఉంటే, ఇద్దరు అద్దం వెనక నుంచి చూసేవారు. ఒక్క మనిషి ఎంత మంచివాడైనా ఏదో ఒక వైపు ఒరుగుతాడని రెండు చోట్లా గుర్తించారు. కాని మన పంచాయితీల్లో జరిగేదేమిటి? ఆమె వైపు మనిషి అంటే ఆమె తండ్రో అన్నో. ‘సర్దుకుపో బిడ్డా, ఇంకో చెల్లె పెళ్లి ఉంది’ అనేది ఆయనే. ఆమె తరఫు మనిషిని ఆమెనే ఎంచుకోనివ్వండి. పిన్నో, టీచరో, పక్కింటి ఖాలానో, ఎవరైనా సరే. అంతమాత్రం మార్పుతో పెద్దల పంచాయితీ ఎంతో బాగుపడుతుంది.

ఇంకో సంగతి భాష. పాతబస్తీ ఆడవాళ్లు ఏడ్చేదీ తిట్టేదీ దక్కనీలో. వాళ్ల మాట తెలియని కౌన్సెలర్ ఎదురైతే, ఇంగ్లీష్ మీడియంలో చదివే కూతుర్ని పిలిచి తర్జుమా చెయ్యమంటారు. తండ్రి కొట్టాడని తల్లి చెప్పిన మాటను ఆ పిల్ల తన నోటితో పలకాలా? ఇంతకంటే అన్యాయం ఉండదు. తర్జుమాకు పెద్దవాళ్లను, బయటివాళ్లను పిలవాలి. పిల్లలను ఎట్టి పరిస్థితిలోనూ పిలవకూడదు.

1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం తొమ్మిదో సెక్షన్, కేసు స్వభావాన్ని బట్టి వీలున్నచోట ముందు రాజీకి ప్రయత్నించమని కోర్టుకు చెప్తుంది. ఆరో సెక్షన్ కౌన్సెలర్ల నియామకం గురించి చెప్తుంది. చట్టంలో చోటుంది. కావలసిందల్లా మొదట చెప్పిన ఆ గడపల మధ్య ఒక దారి. ఆ గడపలు తొక్కే ఇల్లాలు ఒప్పుకుంటే, ఒకచోట జరిగిన మాటల సారం ఒక పేజీలో రాసి తర్వాతి వాళ్లకు అందించాలి. ఎవరేం చెప్పారు, ఏం ప్రయత్నించారు, దేనితో కాస్త ఊరట కలిగింది, హింస ఉందా లేదా. ఆ ఒక్క పేజీ ఉంటే ఆమె తన కథను ఐదోసారి మొదటి నుంచి చెప్పుకోనక్కర్లేదు. కొత్తగా వినేవాళ్లకు ఏ పద్ధతి వాడి చూశారో, ఏది మిగిలిందో తెలుస్తుంది.

చివరగా, వింటున్న పెద్దలకు నా మనవి. మీ ఇంట్లోనో మీ బస్తీలోనో ఒక జంటను కూర్చోబెట్టాల్సి వస్తే ముందు ఇద్దరినీ విడివిడిగా వినండి. కొట్టడం ఉందని తెలిస్తే రాజీ మాట పక్కన పెట్టి, ఆమెనూ పిల్లలనూ క్షేమంగా ఉండే చోటికి చేర్చండి. మహిళల హెల్ప్‌లైన్ నంబర్ 181. మనసు బాగాలేని వాళ్లెవరైనా మాట్లాడుకోవడానికి టెలి మానస్ నంబర్ 14416. రెండూ ఉచితమే. రాత్రీ పగలూ ఎప్పుడైనా చేయవచ్చు. ఈ రెండు నంబర్లూ మీ ఇంటి గోడ క్యాలెండర్ మీద ఇప్పుడే రాసి పెట్టండి.